ఏదో తేడాగా ఉంది, సిస్టర్

చెప్పాల్సిన మాట చెప్పేసింది. "ఏదో తేడాగా ఉంది, సిస్టర్. ఏంటో చెప్పలేకపోతున్నా" అని, అద్దం ముందు ఎన్నోసార్లు సాధన చేసిన గొంతుతో, మరీ ఏడుపు కాకుండా, మరీ మామూలుగానూ కాకుండా చెప్పింది. సిస్టర్ వచ్చి బీపీ చూసింది, వేలికి క్లిప్పు తగిలించింది, నాడి పట్టుకుంది, అన్నీ బాగున్నాయంది. దుప్పటి సర్దే నెపంతో వంగి, చెవి దగ్గర గుసగుసగా, "బాగా చేశారు మేడమ్, ఒక్క క్షణం నిజమే అనుకున్నా" అని నవ్వి వెళ్ళిపోయింది. అంటే కనిపెట్టేశారన్నమాట. ఈ నెలలో ఏదో ఒక రోజు మీ వార్డులో ఒక ఉత్తుత్తి పేషెంటు పడుకుంటుంది, ఎవరో చెప్పం, ఎవరు ఏం చెప్పినా ఎప్పటిలాగే వినండి అని ఆసుపత్రి పెద్దలు ముందే స్టాఫందరికీ చెప్పి ఉంచారు. పరిశోధనకి ఒప్పుకున్న షరతు అది. వీళ్ళేమో మొదటి పూటే పోల్చేసుకున్నారు. జబ్బు మనిషి తల ఇంత నున్నగా దువ్వుకుని ఉండదు కాబోలు. పోనీలే, అదీ ఒక ఫలితమే, తన పరిశోధన చూసే ప్రొఫెసరుగారు వింటే గడ్డం నిమురుకుని, రాసుకోండి రాసుకోండి అంటారు. ఇక సందర్శకుల వేళ ముగిసేదాకా ఇలాగే పడుకుని, ఎవరి మాట ఎవరు ఎలా వింటున్నారో గమనించి, లేచి, తన బట్టలు తాను కట్టుకుని ఇంటికి పోవడమే మిగిలింది.

పడుకోవడం కూడా ఒక పనే అని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. పైకప్పు పలకల్లో ఒకటి మిగతావాటికంటే తెల్లగా ఉంది, ఈమధ్యే మార్చినట్టున్నారు, దాన్నే చూస్తూ ఉంటే అది కొంచెం కొంచెంగా కిందికి దిగుతున్నట్టు ఉంటుంది. పరుపు మధ్యలో ఒక గుంట. తనకంటే పొడుగు మనిషి, ఎడమవైపు తిరిగి ముడుచుకుని పడుకునే మనిషి ఎవరో చాలాకాలం ఉండి చేసిన గుంట. ఎంత పక్కకి జరిగినా ఒళ్ళు మళ్ళీ అందులోకే జారుతోంది. ఇంకొకరి చెప్పుల్లో కాలు పెడితే ఆ వేళ్ళ అచ్చులు మన వేళ్ళకి తగులుతాయి చూడూ, అలా, ఒళ్ళంతా. నాకు ముందు ఈ మంచం మీద ఎవరుండేవారు అని పొద్దున పక్క మంచం ఆవిణ్ణి అడిగింది. "వెళ్ళిపోయింది" అందావిడ. ఇంటికా, ఇంకెక్కడికైనానా అనేది చెప్పలేదు, తనూ అడగలేదు. పక్క మంచం ఆవిడ తుంటి ఎముక విరిగి చేరింది, జీవితమంతా కుట్టుమిషను తొక్కిన మనిషి, వార్డులో అందరూ టైలరమ్మ అంటారు. ఆవిడ పలకరింపే కొలతలతో మొదలవుతుంది. "నీ భుజాలు వాలు అమ్మాయ్, దుకాణంలో కొన్న బట్టలు నీకు కుదరవు" అంది తనని చూడగానే. ఈ వార్డులో తనని పలకరించినవాళ్ళలో తను నిజం పేషెంటు కాదని తెలియనిది ఆవిడకొక్కదానికే. చెప్పకూడదు కూడా. "ఏం జబ్బమ్మా నీది" అంటే, "ఇంకా తేల్చలేదండీ" అంది, ఆవిడ నాలుక చప్పరించి, "తేలనిదే చెడ్డది" అంది.

తేలనిదే కదా తన పని. ఎన్ని క్లినిక్కుల్లో ఎన్ని మాటలు రికార్డు చేసిందో. హెడ్‌ఫోన్లు పెట్టుకుని డాక్టరూ పేషెంటూ మాట్లాడుకున్నవి వింటూ వింటూ, మనుషుల మొహాలు తెలియకుండానే ఊపిరులు గుర్తుపట్టే దాకా వచ్చింది. లోపలికి రాగానే చెప్పేది అసలు సంగతి కాదు. మోకాలు అంటారు, నిద్ర అంటారు, మందులు అయిపోయాయంటారు. అంతా అయ్యాక, లేచి, కుర్చీ చప్పుడయ్యాక, తలుపు పిడి మీద చెయ్యి పడ్డ కిర్రు వినిపించాక అప్పుడంటారు, అన్నట్టు డాక్టరుగారూ, ఏదో తేడాగా ఉందండీ అని. అప్పటికి తర్వాతి మనిషి పేరు పిలిచేసి ఉంటారు. టెన్షన్ పెట్టుకోకండి, మంచి నిద్రపోండి. తలుపు మూసుకుంటుంది. ఆ మూసుకున్న చప్పుడు తర్వాత రికార్డింగులో కొంతసేపు ఖాళీ గది ఉంటుంది, డాక్టరు పెన్ను, ఫ్యాను, అంతే, ఆ ఖాళీని ఎవరూ వినరు, తను మాత్రం ప్రతిసారీ చివరిదాకా వినేది. ఎవరైనా తిరిగొస్తారేమోనని.

అక్క తిరిగి వెళ్ళింది. ఒకటికి మూడుసార్లు వెళ్ళింది, పాపం, నిమ్మళం డాక్టరు దగ్గరికి. ఎవరికి ఏం వచ్చినా నిమ్మళంగా ఉండండి అనేవాడని ఇంట్లో ఆయనకి ఆ పేరు. చెడ్డవాడు కాదు, వానలో కూడా ఇంటికొచ్చి పిల్లల గొంతులు చూసినవాడు, అమ్మ పోయినప్పుడు అందరికంటే ముందు వచ్చి గుమ్మంలో నిలబడ్డవాడు. కానీ అక్క చెప్పడం మొదలుపెట్టగానే ఆయన రాయడం మొదలుపెట్టేవాడు. ఏదో తేడాగా ఉందే చిన్నీ, అంది అక్క ఫోనులో, ఎలా చెప్పాలో తెలియట్లేదు, ఇల్లు నాదే, నేనే నాదాన్ని కాదు. అంతలోనే నవ్వేసి, వంకాయలు మాడుతున్నాయి ఉండు అని పెట్టేసింది. తర్వాత ఆసుపత్రి. బావ చెప్పాడు, ఆ మధ్యాహ్నం అన్ని అంకెలూ బాగానే ఉన్నాయట, నర్సు కూడా బాగుందనే వెళ్ళిందట. అప్పుడు అక్క, "కాళ్ళ దగ్గర కూర్చున్నావిణ్ణి కాస్త లేవమనండి, బరువుగా ఉంది" అందట. అక్కడ ఎవరూ లేరు. బావ ఆవిడ మాట కాదనలేక దుప్పటి మీద చేత్తో ఇలా ఇలా విసిరి, "లేచిందిలే" అన్నాడట. అక్క ఆయన్ని జాలిగా చూసి, "మీకు కనపడట్లేదా" అందట. చీకటి పడేలోపు అయిపోయింది.

ఆ మాట తను ఏ వ్యాసంలోనూ రాయలేదు. కానీ దాని చుట్టూనే తిరిగింది ఇన్నేళ్ళూ, దీపం చుట్టూ కాదు, దీపం ఆరిపోయిన చోటు చుట్టూ. ప్రాణం మీదికొచ్చి బతికి బయటపడ్డవాళ్ళని అడిగింది, ఇంకా ఏ పరీక్షలోనూ ఏమీ తేలకముందు మీకు ఏమనిపించింది అని. లారీ నడిపే ఆయన, గది నన్నొదిలి వెనక్కి నడుస్తున్నట్టు అనిపించిందమ్మా అన్నాడు. బ్యాంకులో పనిచేసే ఆవిడ, నా పేరు పెట్టి పిలుస్తుంటే ఇంకెవర్నో పిలుస్తున్నారనుకుని పక్కకి చూశానంది. ఒక ముసలాయన, చప్పుళ్ళన్నీ అయిపోయాక వినపడ్డాయి తల్లీ, గిన్నె కింద పడిపోయింది, చూశాను, ఆ తర్వాత పడ్డ చప్పుడయింది అన్నాడు. పోయినవాళ్ళ ఇళ్ళకీ వెళ్ళింది. అక్కడ, కాఫీ గ్లాసు చేతిలో పెట్టుకుని, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, చెప్పనా వద్దా అన్నట్టు చెప్పారు కొందరు: మంచం చివర ఎవరో కూర్చున్నారని. ఒకరికొకరు తెలియని మనుషులు. ఒకే బరువు. ప్రొఫెసరుగారు అవన్నీ చదివి, అయోమయం అనే గడిలో పడెయ్యండి అన్నారు. పడేసింది. ఆ గడి నిండుతూ వచ్చింది.

తలుపులు తెరిచారు. సందర్శకులు వస్తున్నారు. చెప్పుల చప్పుడు, ప్లాస్టిక్ సంచుల గరగర, పండ్ల వాసన, బయటి ఎండ వాసన బట్టల్లో పట్టుకొచ్చారు. టైలరమ్మ భర్త సన్నగా గడకర్రలా ఉంటాడు, భార్య తిట్లు వినడానికే వచ్చినట్టు స్టూలు లాక్కుని బుద్ధిగా కూర్చున్నాడు. "గొంతు గుండీ ఒకటి వదిలేసి కింది దానికి పెట్టుకొచ్చారు, అందరూ చూశారు" అంటోందావిడ. ఆయన నవ్వాడు. నోరు తెరుచుకుంది, పళ్ళు కనిపించాయి, భుజాలు కదిలాయి. ఆ తర్వాత నవ్వు వినిపించింది.

తను కళ్ళు మూసి తెరిచింది. స్టూలు జరిగింది. జరిగాక కిర్రుమంది. బాగుంది, అనుకుంది, చదివిన ప్రతి జబ్బూ తమకే ఉందనుకుంటారు కదా వైద్యవిద్యార్థులు, ఇన్నేళ్ళు విని విని నాకూ పట్టేసింది, ఇంటికెళ్ళి ప్రొఫెసరుగారికి చెప్తే పడీ పడీ నవ్వుతారు. లోపలికి గాలి పీల్చింది. గాలి సగం దాకా వెళ్ళి ఆగింది. మెట్ల మీద ఎవరో ఎదురై దారివ్వనట్టు. మళ్ళీ పీల్చింది. మళ్ళీ అక్కడే. ఎడమ పిక్క లాగుతోంది, అది పాతదే, ఈ నాలుగైదు రోజులుగా ఉంది, క్లినిక్కు నుంచి క్లినిక్కుకి బస్సుల్లో కూర్చుని కూర్చుని పట్టేసింది, దానికేముంది. తెల్ల పలక నిజంగానే దిగుతోందా. కాదు, మిగతా కప్పు పైకి పోతోంది. గది నన్నొదిలి వెనక్కి నడుస్తున్నట్టు అనిపించిందమ్మా. ఎంత చక్కగా చెప్పాడో లారీ ఆయన, అచ్చు ఇలాగే, గోడలకి కాళ్ళున్నట్టు, మర్యాదగా, మనిషికి వీపు చూపించకుండా వెనక్కి. ఒంటి మీద చెమట చల్లగా ఉంది. ఇది నాది కాదు. ఈ భయం నాది కాదు, విన్నవాళ్ళది, వాళ్ళ దగ్గర తీసుకుని దాచుకున్నది, ఇప్పుడు అందరూ ఒకేసారి వచ్చి అడుగుతున్నారు. లేకపోతే ఆ మాట. ఇందాక నోటితో అన్న మాట. లేనిదాన్ని ఉన్నట్టు అంత శ్రద్ధగా పిలిచాక, అది పాపం వచ్చిందేమో, పిలిచారు కదా అని.

మంచం కదిలింది.

పెద్దగా ఏం కాదు. ఎవరైనా మంచం చివర మెల్లగా, రోగి నిద్ర చెడకూడదన్నట్టు కూర్చుంటే పరుపు ఎలా ఒంగుతుందో అలా. పాదాల మీద దుప్పటి బిగిసింది. వేళ్ళు కదపబోతే కదల్లేదు. చూడకూడదు అనుకుంది, చూస్తే ఎవరూ ఉండరు, ఎవరూ లేకపోతే అప్పుడేం చెయ్యాలి. చూసింది. ఎవరూ లేరు. నీలం దుప్పటి, ఇనుప కడ్డీ, దాని వెనక ఎదుటి మంచాలు, ఎవరో పిల్లకి నారింజ ఒలిచి పెడుతున్నారు. కానీ పాదాల పక్కన పరుపు ఒంగే ఉంది, గిన్నెలా, మధ్యాహ్నపు వెలుతురు ఆ గుంటలో కొంచెం నీలంగా నిలిచి ఉంది. ఆ బరువు ఎంతో ఆమెకి తెలుసు. చిన్నప్పుడు జ్వరం వస్తే అమ్మ తల దగ్గర కూర్చునేది, అక్క కాళ్ళ దగ్గర కూర్చునేది, కథలు చెప్తూ పాదాల మీద వాలిపోయేది, అక్కా లే, తిమ్మిరెక్కింది అంటే ఇంకా బరువు వేసేది నవ్వుతూ. నవ్వు ఇప్పుడు లేదు. కూర్చున్నదెవరో నవ్వట్లేదు. ఓపిగ్గా ఉంది, ఎంతసేపైనా పరవాలేదన్నట్టు.

చేతిలో కాలింగ్ బెల్లు ఉంది. నొక్కితే వస్తారు. వచ్చాక ఏం చెప్పాలి? ఏదో తేడాగా ఉంది, సిస్టర్. ఆ ఒక్క మాటే ఉంది లోకంలో దీనికి, ఎన్ని ఊపిరుల్లో విన్నా ఇంతకు మించి ఎవరికీ దొరకలేదు, దాన్ని తను ఇందాకే వాడేసింది. సిస్టర్ అటుగా వెళుతోంది, ట్రే పట్టుకుని. "సిస్టర్" అంది. అన్నాక తన గొంతు తనకి వినిపించింది, ఇంకెవరిదో అన్నట్టు. సిస్టర్ ఆగింది. "ఇది... ఇప్పుడు నిజంగా" అంది ఆమె. సిస్టర్ మొహం నిండా నవ్వు పరుచుకుంది, మంచి నవ్వు, అలసిపోయిన మనిషి నవ్వు. "రెండోసారి కూడా ఉందా మేడమ్? ఇందాక చెప్పుంటే బాగుండేది. ఒక్క నిమిషం, ఆ మూలావిడకి ఇంజెక్షన్ టైమైంది, ఇచ్చొస్తా" అని వెళ్ళిపోయింది. తప్పేముంది ఆవిడది. ఆవిడ చూసిన అంకెలన్నీ బాగున్నాయి. అక్కవీ బాగున్నాయి. తలుపు పిడి మీద చెయ్యి పడింది, తర్వాతి మనిషి పేరు పిలిచేశారు, ఇక ఖాళీ గది, ఫ్యాను, పెన్ను. ఎవరైనా చివరిదాకా వింటున్నారా ఇది? ఎవరైనా హెడ్‌ఫోన్లు పెట్టుకుని?

"అమ్మాయ్."

టైలరమ్మ. మోచేతి మీద లేచి, కట్టు కట్టిన తుంటితో లేవకూడని మనిషి లేచి, ఇటు చూస్తోంది. భర్త కంగారుగా భుజం పట్టుకుంటే విదిలించింది.

"ఏమైందే నీకు? మొహం అలా మైదా పిండిలా ఉందేంటి?"

"ఏదో... తేడాగా ఉందండీ."

టైలరమ్మ టెన్షన్ పెట్టుకోకు అనలేదు. నిద్రపో అనలేదు. కొలత సరిగ్గా రాకపోతే మళ్ళీ టేపు పెట్టే మనిషిలా, కళ్ళు చికిలించి, "ఇదివరకెప్పుడైనా ఇలా అయిందా?" అని అడిగింది.

"లేదు."

"ఎప్పుడూ?"

"పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ లేదు" అంది ఆమె. అలా అనగానే ఆ మాట నిజమని, ఇది నటన కాదని, విన్నవాళ్ళ భయం కాదని, తన ఒంట్లో తనకి జరుగుతున్నదని మొట్టమొదటిసారి తెలిసి, కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే జారాయి.

టైలరమ్మ చూపు ఆమె మొహం మీంచి మెల్లగా కిందికి, మంచం చివరికి జరిగింది. అక్కడ ఆగింది. "మరి ఆవిడెవరు?" అంది గొంతు తగ్గించి. "ఇందాకట్నుంచీ నిన్నే చూస్తూ కూర్చుంది, ఆవిడైనా పిలవచ్చుగా ఎవర్నైనా."

ఆ తర్వాతివి వరసగా లేవు. టైలరమ్మ చేతిలో స్టీలు గ్లాసు ఇనుప కడ్డీ మీద పడుతోంది, టంగు టంగున, చప్పుడుకి ముందే చెయ్యి లేస్తోంది. "పోతోందిరా పిల్ల! రండర్రా, ఎవర్రా ఇక్కడ! మీ బీపీలు తగలెయ్య, మనిషి మొహం చూడండి ముందు!" నారింజ ఒలుస్తున్న చెయ్యి ఆగిపోయింది. టైలరమ్మ భర్త నడవలోకి పరిగెత్తాడు, గుండీ తప్పిన చొక్కాతో, గడకర్రలాంటి మనిషి అంత గట్టిగా అరవగలడని ఎవరనుకుంటారు. సిస్టర్ మొహం పైన వాలింది, సగం నవ్వు ఇంకా పెదవి మీదే ఉంది, వేలికి క్లిప్పు తగిలించింది, అంకె చూసింది, ఆ సగం నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. కర్టెన్లు. చక్రాలు. మొహం మీద గట్టి ప్లాస్టిక్ వాసన, చల్లటి గాలి. వాళ్ళు ఒక్కుమ్మడిగా దుప్పటితో సహా ఎత్తినప్పుడు పాదాల మీది బరువు కూడా లేచింది. లేవడం తెలిసింది, మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచే మనిషిలా. భయం పోవాలి కదా అప్పుడు. కానీ పోయింది భయం కాదు, ఎవరో ఎదురుచూసి ఎదురుచూసి సరేలే అని వెళ్ళిపోతున్నప్పటి దిగులు ఏదో గుండెల్లో కలుక్కుమంది. మాస్కు లోపల "అక్కా, ఉండు" అంది. ఎవరికీ వినపడలేదు.

పిక్కలో కట్టిన రక్తపు గడ్డ ముక్కై, పైకి వెళ్ళి ఊపిరితిత్తిలో అడ్డుపడింది. ఇంకొంచెంసేపు అలాగే పడుకుని ఉంటే లేచేవారు కాదని పెద్ద డాక్టరు మర్నాడు చెప్పాడు, తన తప్పేమీ లేకపోయినా తన తప్పన్నట్టు చెప్పాడు. గడ్డ కరిగే మందు ఇచ్చారు. ప్రొఫెసరుగారు వచ్చి గాజు తలుపు అవతల నిలబడి చెయ్యి ఊపారు, గడ్డం నిమురుకోవడం కూడా మర్చిపోయారు. బావ వచ్చి కాసేపు కుర్చీలో కూర్చుని, వెళ్ళేటప్పుడు మంచం చివరకంటా ఒకసారి చూసి వెళ్ళాడు. గోడలు ఎక్కడివక్కడ ఉన్నాయి. చప్పుళ్ళు సమయానికి వస్తున్నాయి.

మూడో రోజు మధ్యాహ్నం, డ్యూటీ దిగాక, సిస్టర్ వచ్చింది. యూనిఫాం లేకుండా చిన్నపిల్లలా ఉంది. వచ్చి, సెలైన్ సీసా చూసి, కిటికీ చూసి, చివరికి ఆమెని చూసింది.

"టైలరమ్మ మిమ్మల్ని అడిగింది. కొత్త కొలతలు తీసుకోవాలట, చిక్కిపోయి ఉంటారని."

"ఆవిడే అంది సిస్టర్, నా కాళ్ళ దగ్గర ఎవరో..."

"మీరు ఆ మాటే పలవరిస్తున్నారని ఇక్కడివాళ్ళు చెప్తే నేనూ ఆవిణ్ణి అడిగా. 'నేనెందుకంటాను? కళ్ళజోడు లేకపోతే పక్క మంచం మీది మొహం దాటి నాకేం ఆనదు' అంది. ఆ రోజు ఆవిడ కళ్ళజోడు ఇంటి దగ్గరే ఉందట, అది తేలేదని కూడా వాళ్ళాయన్ని తిట్టింది."

సిస్టర్ దుప్పటి అంచు మడతపెడుతూ, తలెత్తకుండా అంది, "మీరు నటిస్తున్నారనుకున్నా మేడమ్."

"నేనూ అదే అనుకున్నానమ్మా."

సిస్టర్ కళ్ళు తుడుచుకుని, నవ్వి, సంచి భుజానికి తగిలించుకుని, వెళ్ళొస్తానంది. తలుపు దాకా వెళ్ళింది. పిడి మీద చెయ్యి వేసింది. అక్కడ ఆగి, వెనక్కి తిరక్కుండా, "పొద్దున్నుంచీ నాకు కూడా ఏదో..." అని, "ఏం లేదులెండి, రాత్రి సరిగ్గా నిద్రలేదు, అంతే" అంది.

ఆమె దిండు మీంచి లేచింది. లేవకూడదు, తీగలు లాగాయి, లేచింది.

"ఏం లేదనకు. తలుపు మూసి ఇలా రా. వచ్చి కూర్చో" అంది. "మొదట్నుంచి చెప్పు."

సిస్టర్ తిరిగి వచ్చి కూర్చుంది. చాలాసేపటిదాకా ఏమీ చెప్పలేకపోయింది. ఆమె మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడకుండా వింటూ ఉంది.